గల్మ ముందటి వేపచెట్టు



ధర్మపురిలో పుట్టిన మేము గోదావరిని గోదావరి అనం, గంగ అంటాం. పండుగ వస్తే గంగకు పోతాం, ఇంట్లో మనిషి పోతే గంగకు పోతాం. త్ర్యంబకంలో పుట్టి తూర్పుకు సాగే నది మా ఊరి దగ్గర ఒంపు తిరిగి దక్షిణానికి పారుతుంది. దక్షిణవాహినిలో స్నానానికి పుణ్యం ఎక్కువని పెద్దల నమ్మకం. ఒడ్డున లక్ష్మీనరసింహస్వామి ఉన్నాడు. ఆయన పక్కనే యమధర్మరాజుకూ గుడి ఉంది. యముడికి గుడి కట్టుకున్న ఊళ్లు అరుదు. ధర్మపురికి వచ్చినవాడికి యమపురి లేదని మా దిక్కు సామెత. యముడి ముందు గండదీపంలో నూనె పోసి, తమ వాళ్ల గండాలు గట్టెక్కాలని మొక్కుకునేవాళ్లు ఏ రోజు వెళ్లినా కనబడతారు.

ఇదంతా మీరు విన్నదే. ఈవేళ నేను మాట్లాడదలచుకున్నది గుడి గురించి కాదు, గుడి చుట్టూ ఉన్న ఇళ్ల గురించి. అందులోనూ గంగకు దిగే వాడలోని మా పాత ఇల్లు, ఊరి బయట జగిత్యాల తోవలో మేము కట్టుకున్న కొత్త ఇల్లు, ఆ రెంటినీ కలిపే ఒక వేపచెట్టు గురించి.

పాత ఇంటిని భవంతి అనేవాళ్లం. నాలుగు దిక్కులా అర్రలు, నడుమ ఆకాశానికి తెరిచిన గచ్చు. వాన పడితే నాలుగు వాలుల నీళ్లూ గచ్చులోనే పడి, తూములోంచి వాడలోకి పోయేవి. గోడలు రెండు మూరల మందం. వాటికి డంగు సున్నంతో గార చేశారు. సున్నమూ, గంగలోంచి తెచ్చిన ఇసుకా గానుగలో పోసి, ఎడ్లతో రాతిచక్రం తిప్పించి, బెల్లం నీళ్లూ కరక్కాయలు నానిన నీళ్లూ కలిపి రోజుల తరబడి నూరేవారు. చిటికెడు తీసి రెండు వేళ్ల నడుమ రుద్దితే ఇసుక పలుకు తగలకూడదు. తగిలిందంటే మళ్లీ ఎడ్లను కట్టాల్సిందే. మా ఇంట్లో గోడకు మేకు దించాలని సుత్తి తీసుకుంటే మేకే వంగేది. అందుకే పటాలన్నీ దూలాలకు వేలాడేవి. దూలాలు, మొగురాలు, దర్వాజలు అన్నీ అవతలి ఒడ్డు టేకు. గంగ దాటితే అప్పటి ఆదిలాబాద్ జిల్లా, అడవి. ఈ ఒడ్డున పుట్టిన ప్రతి ఇంటికీ ఆ అడవి ఎంతో కొంత ఇచ్చింది.

పైన గూనపెంక. ఏటా రోహిణి కార్తెలో, మిరుగు (మృగశిర) రాకముందే పెంక సదిరే మనిషి వచ్చేవాడు. ఒక్కొక్క పెంకను ఎత్తి, కింద చేరిన ఆకును ఊడ్చి, పగిలినదాన్ని పక్కకు వేసి, మంచిదాన్ని మళ్లీ అదే వాలులో పేర్చేవాడు. పగటి పూట అర్రలో పడుకుంటే పెంకల సందులోంచి సన్నటి వెలుతురు కడ్డీలు మంచం మీద పడేవి. ఆయన పని చేస్తూ పోతుంటే ఆ కడ్డీలు ఒక్కొక్కటిగా మాయమయ్యేవి. చిన్నప్పుడు నాకు అది ఇష్టమైన ఆట.

ఇటువంటి భవంతులు కరీంనగర్ దిక్కు ఎన్నో ఊళ్లలో ఉన్నాయి. వాటికీ మా వాడలోని ఇళ్లకూ ఒక తేడా ఉంది. మా ఇళ్లు మాకోసమే కట్టినవి కావు. వాడ వైపు రెండు అరుగులు. అరుగుకు ఆనుకొని గల్మ (ఇంటి ముఖద్వారం) పక్కన ఒక చిన్న అర్ర. దానికి లోపలికి తలుపు లేదు, వాడలోకే ఉంది. దాన్ని బయటి అర్ర అనేవాళ్లం. అందులో ఒక గూడు, బట్టలారేసుకోవడానికి దండెం, మూడు రాళ్ల పొయ్యి, నీళ్ల గోలెం ఉండేవి. గోలెం నింపడం పిల్లల వంతు. చేదబావి గిరక శబ్దంతోనే మా ఇంట్లో తెల్లవారేది. ఇంట్లో నీళ్లు అయిపోయినా ఫరవాలేదు గానీ బయటి గోలెం మాత్రం ఎండకూడదు. ఇది మా బాపమ్మ పెట్టిన కట్టుబాటు.

గల్మ ముందు వేపచెట్టు. మా ఇంటికి అది నీడకోసం పెంచిన చెట్టు కాదు. గంగలో బొక్కలు కలపడానికి వచ్చినవాళ్లు ఆ అస్థికల మూటను ఇంటి కప్పు కిందికి తేరు. చెట్టుకు కడతారు. రాత్రి పొద్దుపోయి చేరినవాళ్లు, తెల్లవారి కర్మ చేసుకొనేదాకా ఆ మూటను మా వేపకొమ్మకే కట్టి, బయటి అర్రలో పడుకొనేవారు. అందరికీ అందేలా ఒక కొమ్మ కిందికి వంగి ఉండేది. మా తాత దాన్ని ఎప్పుడూ నరకనివ్వలేదు.

నేను మూడో తరగతిలోనో నాలుగో తరగతిలోనో ఉన్నప్పుడు ఒక చలికాలం రాత్రి, ఒకాయన నా ఈడు పిల్లవాణ్ణి వెంటబెట్టుకొని వచ్చాడు. బాపమ్మ దీపం పట్టుకొని బయటికి వచ్చి, "ఏ ఊరు బిడ్డా" అంది. ఆయన ఊరి పేరు చెప్పాడు. ఆమె ఇంకేమీ అడగలేదు. నీళ్లు చూపించింది, చాప వేసింది, పిల్లవాడికి అటుకులూ బెల్లమూ పెట్టింది. ఆ పిల్లవాడు అటుకులు దోసిట్లో పట్టుకొని చెట్టు దిక్కే చూస్తున్నాడు. నేను పక్కన కూర్చుంటే, "ఆడ కట్టింది మా అవ్వను" అన్నాడు. నాకు ఏమనాలో తెలియలేదు. మరునాడు వాళ్లు గంగకు పోయాక బాపమ్మ నాతో అన్న మాట ఇది: "ఏ ఊరని అడుగు. ఎవలు పోయిండ్రని అడగకు. చెప్పబుద్ధయితే వాళ్లే చెప్తరు."

మా వాడలో ప్రతి ఇంట్లో ఈ పద్ధతే. పురోహితుల ఇళ్లలో అయితే పేరుపేరునా ఎరిగిన యజమానులు వచ్చి దిగేవారు, తండ్రి తద్దినానికి వచ్చినవాడే కొన్నేళ్లకు తల్లి తద్దినానికీ అక్కడికే వచ్చేవాడు. మాది కొబ్బరికాయల దుకాణం నడుపుకొనే ఇల్లు. మా అరుగు ఎవరినీ ఎరగనివాళ్లకోసం. ఎక్కడెక్కడి నుంచో వచ్చినా వాళ్లకు మా ఊరి పేరు ముందే తెలిసి ఉండేది. శేషప్ప కవి నరసింహ శతకంలో ప్రతి పద్యం చివరా ధర్మపురి పేరు పలికించాడు. బడిలో ఆ పద్యాలు కంఠస్థం చేసినవాళ్లు తెలుగునాట ఎక్కడ లేరు! "చిన్నప్పుడు చదువుకున్న ఊరికి ఇప్పుడిట్లా రావలసి వచ్చింది" అని ఒక పెద్దాయన అరుగు మీద కూర్చొని అన్నది నాకింకా వినబడుతూనే ఉంటుంది.

ఫాల్గుణంలో జాతర వస్తే ఇదే ఇల్లు ఇంకో రూపు ఎత్తేది. నెల ముందునుంచే గోడలకు సున్నం, అరుగులకు జాజు. కోనేటిలో తెప్పోత్సవం, డోలోత్సవం చూడటానికి చుట్టాలు, చుట్టాల చుట్టాలు దిగేవారు. గచ్చులో వరుసగా విస్తళ్లు వేసేవారు. నెల కింద కన్నీళ్లతో వచ్చి పోయినవాళ్లే జాతరకు పిల్లాపాపలతో వచ్చి, మా బాపమ్మ చేతిలో కొబ్బరిచిప్ప పెట్టి పోయేవారు.

మా బాపు పోయిన తరువాత అన్నదమ్ములం పాళ్లు పంచుకున్నాం. మూడు పాళ్లు. అర్రలు పంచుకోవచ్చు గానీ గచ్చును ఎట్లా పంచుతాం? రెండు ఇటుకగోడలు నిలబెట్టాం. ఆకాశం మూడు ముక్కలైంది. ఏ ముక్కలోనూ చాలినంత ఎండ పడలేదు. ఆ గోడలు కట్టించిన ముగ్గురిలో నేనూ ఒకణ్ణి, ఆ తప్పు నాది కూడా. అప్పటికి మాకు మరో దారి తోచలేదు. మా వాడలో చాలా భవంతులు ఇట్లాగే పోయాయి.

ఆ తరువాత కోతులు. అడవులు పలచబడి కోతులు ఊళ్ల మీద పడ్డాక గూనపెంక ఇల్లు నిలవడం కష్టమైంది. గుంపు ఒక్కసారి కప్పు మీదుగా దూకి పోతే వంద పెంకలు పగిలేవి. పెంక సదిరే మనుషులూ తగ్గిపోయారు, కొత్తగా పెంక కాల్చేవాళ్లూ లేరు. రేకులు వచ్చాయి, ఆ తరువాత స్లాబులు. తెరిచి ఉంచిన గచ్చుల మీద ఇనుప జాలీలు బిగించారు. తెలంగాణ పల్లెల ఇంటి కప్పు మారిన కథ రాసేవాళ్లు ఎవరైనా ఉంటే, సిమెంటు కంపెనీలతో పాటు కోతులకూ అందులో చోటివ్వాలని నా మనవి.

మేము జగిత్యాల తోవలో రెండు గుంటల జాగా కొని ఇల్లు కట్టుకున్నాం. అది నిన్నమొన్నటి దాకా వరి పొలం. శ్రీరాంసాగర్ నీళ్లు ఈ నేలకు వచ్చాక ఇంచు కూడా వదలకుండా పండించిన పొలాలు ఇవి. ఇప్పుడు గజాల లెక్కన అమ్ముడుపోయి కాలనీలయ్యాయి. జగిత్యాల ఇక్కడికి 30 కిలోమీటర్లలోపే. 2016లో జగిత్యాల జిల్లా కేంద్రమైంది. అప్పటిదాకా ఏ పనికైనా కరీంనగర్ పోయేవాళ్లం. ఆ తరువాత ధర్మపురి కూడా మున్సిపాలిటీ అయింది. ఊరు నదికి వీపు తిప్పి రోడ్డు వెంట పెరగడం ఇంకా ఎక్కువైంది.

కొత్త ఇంటికి మరుగుదొడ్డి గుంత తవ్వించేటప్పుడు సిమెంటు వరలు ఒకదాని మీద ఒకటి దించుతుంటే నాకు పెద్దబంకూరు జ్ఞాపకం వచ్చింది. పెద్దపల్లి దగ్గరి ఆ ఊళ్లో పురావస్తు శాఖవాళ్లు తవ్వితే, శాతవాహనుల నాటి ఇళ్ల పునాదుల పక్కన ఇటుక బావులూ, కాల్చిన మట్టి వరలు పేర్చిన బావులూ బయటపడ్డాయి. మా ఊరి నుంచి గంగ వెంట కిందికి పోతే పెద్దవాగు కలిసేచోట కోటిలింగాల ఉంది. అక్కడ దొరికిన నాణేల మీద శాతవాహన వంశానికి మొదటివాడైన శ్రీముఖుడి పేరు ఉంది. సంగనభట్ల నరహరిశర్మ అనే ఆయన అక్కడి మట్టిలోంచి ఏరి దాచిపెట్టిన నాణేలు పండితుల చేతికి చేరాకనే కోటిలింగాల దిబ్బ విలువ లోకానికి తెలిసింది. రెండు వేల ఏళ్ల కింద కూడా ఈ దిక్కున మనిషి ఇల్లు కట్టుకుంటే వరలు దించుకున్నాడు. నదికి ఎంత దగ్గరుండాలి, ఎంత దూరముండాలి అని అప్పుడూ తర్జనభర్జన పడే ఉంటాడు.

మా కాలనీలో సగం ఇళ్లు గల్ఫ్ సొమ్ముతో లేచినవే. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి దిక్కు ఏ ఊరికి పోయినా ఈ ఇళ్లు గుర్తుపట్టవచ్చు. నునుపైన గ్రానైటు మెట్లు, మెరిసే ఉక్కు గేటు, గేటు స్తంభాల మీద సింహాలు, లోపల పెద్ద హాలు. ఆ హాల్లో ఒంటరిగా ఒక తల్లో తండ్రో ఉంటారు. దుబాయిలోనో మస్కట్‌లోనో ఎండలో నిలబడి ఒక కొడుకు కట్టిన ఇల్లు అది. వాడు అందులో పడుకున్న రాత్రులు లెక్కపెట్టవచ్చు. ఆ ఇళ్లను చూసి ఆడంబరం అనేవాళ్లు ఉన్నారు. ఆ మాట నాకు నచ్చదు. దూరాన ఉన్న కొడుకు అమ్మకు చూపించగలిగిన ప్రేమ ఆ ఇటుకల్లోనే ఉంది.

మధ్యాహ్నం దాటితే కాలనీ ఆడవాళ్లు మెట్ల మీద, చెట్ల నీడన చాటలు పెట్టుకొని బీడీలకు కూర్చుంటారు. నానబెట్టిన తునికాకు, కొలతకు పెట్టుకొనే రేకు, కత్తెర, తంబాకు, దారం. ఆకు కత్తిరించి, చిటికెడు తంబాకు పోసి, చుట్టి, కొన మడిచి, దారం వేసేదాకా కళ్లు అటు చూడనక్కర్లేదు. నోరు మాట్లాడుతూనే ఉంటుంది, చేతులు ఆగవు. ఇంటికి గ్రానైటు వేసిన కొడుకు ఎంత వద్దన్నా ఆ తల్లి చాట వదలదు. వెయ్యి బీడీల లెక్క ఆమెకు సంపాదన కన్నా ఎక్కువ. నలుగురితో కలిసి కూర్చోవడానికి అదొక సాకు. భవంతిలో గచ్చు చేసిన పని ఈ కాలనీలో బీడీల చాట చేస్తోంది.

కొత్త ఇల్లు కట్టేటప్పుడు అరుగు వేద్దామన్నాను. వాస్తు చూసినాయన వద్దన్నాడు, మేస్త్రీ జాగా దండగ అన్నాడు. చుట్టూ ప్రహరీ, ముందు గేటు వచ్చాయి. గేటు పక్కన రోడ్డు వైపు వేపమొక్క మాత్రం నాటాను. పాత ఇంటి చెట్టు కింద మొలిచిన మొక్కే అది.

2015 జులైలో పుష్కరాలు వచ్చాయి. 14వ తేదీన అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ మా ఊళ్లోనే స్నానం చేసి వాటిని ప్రారంభించారు. మునుపెన్నడూ చూడనంత జనం. వాహనాలు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. ముసలివాళ్లు, చంటిపిల్లల తల్లులు కిలోమీటర్ల కొద్దీ నడిచారు. వాళ్లు నడిచింది మా కాలనీ ముందునుంచే. పాత వాడలో అయితే ప్రతి ఇంటి ముందూ అరుగు ఉండేది, కూలబడేవారు. ఇక్కడ గోడ తరువాత గోడ, గేటు తరువాత గేటు. ఒకావిడ మా గేటు కడ్డీలు పట్టుకొని, "నీళ్లున్నయా అవ్వా" అని మా ఇంటావిడను అడిగింది. గేటు కడ్డీల సందులోంచి చెంబు పట్టలేదు. గేటు తీసి ఇచ్చాం. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. బాపమ్మ గోలెం ఎండగొట్టినవాణ్ణి నేనే అనిపించింది. పుష్కరాల పన్నెండు రోజులూ గడవకముందే గోడకు తూము పెట్టించి, రోడ్డు వైపు ఒక కుళాయి, దాని పక్కన షాబాదు బండతో ఒక బల్ల వేయించాను.

వేపచెట్టు కొంచెం పెరిగాక ఒకరిద్దరు పాత అలవాటు ఉన్నవాళ్లు దానికి మూట కట్టడం మొదలుపెట్టారు. కాలనీలో గుసగుసలు లేచాయి. పక్కింటావిడ ఒకరోజు నేరుగానే అంది: "సార్, మా పిల్లలు పరాయి దేశంల ఉన్నరు. పొద్దున లేచి మొగం కడుక్కుంటే అది కండ్లవడుతది. నాకు గుండె ఝల్లుమంటది." ఆమె భయంలో తప్పేమీ లేదు. గల్ఫ్ నుంచి పెట్టెలో వచ్చిన కొడుకులను ఈ దిక్కు ఊళ్లు చాలానే చూశాయి. నేను వాదించలేదు. మూట కట్టే కొమ్మ ఆమె గేటు వైపు కాకుండా ఇవతలికి ఉండేలా చెట్టును మలిపాను.

2022 జులై రెండో వారంలో గంగ మా వాడ చూడటానికి వచ్చింది. పైన శ్రీరాంసాగర్ గేట్లు ఎత్తారు, కడెం ప్రాజెక్టు తట్టుకోలేక నీళ్లు మీదినుంచి దూకాయి. ఆ నీళ్లన్నీ మా ఊరి ముందునుంచే పోవాలి. ఒడ్డున గుళ్లు మునిగాయి, పల్లపు వాడల్లోకి నీళ్లు ఎక్కాయి. మా తమ్ముడి పిల్లలు, వాడలోని ఇంకో రెండు కుటుంబాలు అర్ధరాత్రి సామాను నెత్తిన పెట్టుకొని మా కాలనీకి చేరారు. ఆ రాత్రి పక్కింటావిడ తన హాలంతా తెరిచి చాపలు పరిచింది. అంత పెద్ద హాల్లో మనుషులు నిండుగా పడుకోవడం నేను చూసింది అదే మొదటిసారి. తెల్లవారి ఆమె కొడుకు వీడియోలో ఫోన్ చేస్తే, ఫోను తిప్పి ఇల్లంతా చూపించింది.

2027లో మళ్లీ పుష్కరాలు. ఇప్పుడు మా ఊరి చుట్టూ ఇళ్లు లేస్తున్నాయి, ఇంకా లేస్తాయి. కట్టుకునేవాళ్లకు నా మనవి ఒకటే. మీ జాగాలో గోడకు బయట రెండు అడుగులు వదలండి. ఒక బల్ల, ఒక కుళాయి, ఒక చెట్టు. మన ఊరికి జనం వచ్చేది విహారానికి కాదు, సగం మంది గుండెల్లో బరువుతో వస్తారు. ఇంకొక మాట కూడా. మన ఇళ్ల మురుగు చివరికి గంగలోనే కలుస్తోంది. వాళ్లు మునిగేది ఆ నీళ్లలోనే. ఇంటి ముందు కుళాయి పెట్టి, ఇంటి వెనక మోరీని నదికి వదిలితే ఏం మర్యాద చేసినట్లు? మున్సిపాలిటీని అడగడంలో మనమంతా ఒక్క మాట మీద ఉండాలి.

మొన్న చలికాలంలో ఒకాయన బస్సు దిగి వచ్చి మా బల్ల మీద కూర్చున్నాడు. చేతిలో తెల్లబట్ట మూట. మా ఇంటావిడ కుళాయి చూపించి, "ఏ ఊరు అన్నా" అంది. "ఉట్నూరు దిక్కు" అన్నాడు. మూట చెట్టుకు కట్టి, ముఖం కడుక్కొని, చాలాసేపు ఊరికే కూర్చున్నాడు. పక్కన బీడీలు చుడుతున్న ఆడవాళ్లు మాటలు తగ్గించారు. కాసేపటికి ఆయనే చెప్పాడు. తమ్ముడట. సౌదీలో పోయాడట. ఇంటికి చేరేసరికి ఇరవై రోజులు దాటాయట. పక్కింటావిడ చేతిలో ఆకు అట్లాగే ఆగిపోయింది. చాట పక్కన పెట్టి లోపలికి పోయింది. చాయ్ గ్లాసుతో వచ్చి ఆయన పక్కన బల్ల మీద పెట్టి, ఒక్క మాట కూడా మాట్లాడకుండా నిలబడింది.

ఆయన గంగకు పోయిన తరువాత ఆమె తన గోడ దిక్కు చూస్తూ నన్ను అడిగింది: "సార్, ఆ బండ ఏడ తెచ్చిండ్రు? మా గోడకు గూడ ఒకటి ఏపిస్త."